పోర్టు ఒక్కటే చాలు... కానీ ఆ తలుపు రూల్స్ ఎవరు రాస్తున్నారు?

కొత్త ఫోన్ వచ్చిందంటే ప్రాసెసర్ ఏంటి, బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, రాత్రిపూట కెమెరా ఎలా తీస్తుంది అని అడుగుతాం. వైఫై కెమెరా కొంటే రిజల్యూషన్ చూస్తాం. స్మార్ట్ టీవీ కొంటే ర్యామ్ చూస్తాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు: "ఈ డివైస్ నా ఇంటి నెట్‌వర్క్‌లో ఎన్ని తలుపులు తెరుస్తుంది? ఆ తలుపుల వెనక ఎవరెవరు ఉన్నారు?"

తలుపు అంటే పోర్టు. వినడానికి ఇదేదో సర్వర్ రూముల్లో కూర్చునేవాళ్ల గొడవలా ఉంటుంది కానీ, మీ జేబులో ఉన్న ఫోన్‌కి కూడా ఇది సంబంధించిందే. కింద రెండు ఉదాహరణలు చెప్తాను, చూడండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఒక డివైస్‌లో పది సర్వీసులున్నా బయటికి ఒక్క పోర్టు చాలు. పంచుకోవడమే మంచి పద్ధతి. అయితే పోర్టు పంచుకున్నప్పుడు దాంతోపాటు టైమ్‌అవుట్, సర్టిఫికెట్, థ్రెడ్లు, సైజు లిమిట్లు అన్నీ పంచుకోవాల్సి వస్తుంది. ఆ సంగతి చెప్పకుండా పంచేస్తున్న యాప్‌లతోనూ గ్యాడ్జెట్‌లతోనూ నాకు పేచీ.

ముందు గేటు సంగతి తేల్చుకుందాం

ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. ఐపీ అడ్రస్ అంటే ఆ బిల్డింగ్ చిరునామా. పోర్టు అంటే గేటు నంబరు. గేట్ల నంబర్లు 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. మామూలు వెబ్ ట్రాఫిక్‌కి 80, తాళం వేసిన వెబ్ ట్రాఫిక్‌కి 443. లైనక్స్ లాంటి సిస్టమ్‌లలో 1024 కంటే తక్కువ నంబర్లు మామూలు ప్రోగ్రామ్‌లకి ఇవ్వరు. అందుకే రూట్ చేయని ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఫైల్ షేరింగ్ యాప్ 80కి బదులు ఏ 8080 లాంటి పెద్ద నంబరో తీసుకుంటుంది.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. "ఒక పోర్టు మీద ఒక్క కనెక్షనే నడుస్తుంది కదా" అంటారు. అలా ఏం లేదు. ఒక టీసీపీ కనెక్షన్‌ని గుర్తుపట్టడానికి నాలుగు వివరాలు కలిపి చూస్తారు: మీ ఐపీ, మీ పోర్టు, అవతలి ఐపీ, అవతలి పోర్టు. అవతలి రెండు ఒకటే అయినా మీవి వేరుగా ఉంటే కనెక్షన్లు వేరువేరే. అందుకే ఒక్క 443 పోర్టు మీదే వేలమంది ఒకేసారి కనెక్ట్ అయి ఉండగలరు. గేటు ఒకటే అయినా వచ్చిపోయేవాళ్లు బోలెడు మంది.

మరి ఇబ్బంది ఎక్కడ? గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ దగ్గర. ఒక ప్రోగ్రామ్ ఒక పోర్టు పట్టుకుని కూర్చుంటే, రెండో ప్రోగ్రామ్ అదే పోర్టు అడిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ మామూలుగా ఒప్పుకోదు. ఫైనల్ ఇయర్‌లో స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టు చేసినవాళ్లందరికీ ఈ మెసేజ్ పరిచయమే: పోర్టు 8080 ఇప్పటికే వాడుకలో ఉంది, సర్వర్ స్టార్ట్ కాలేదు. అప్పుడు ఏం చేస్తాం? నంబరు 8081కి మార్చేస్తాం. ఇంకోటి వస్తే 8082. నడిచింది కదా, చాలు అనుకుంటాం.

ఈ అలవాటే ప్రాజెక్టుల్లోంచి ప్రొడక్టుల్లోకి వచ్చేసింది.

డబ్బా లోపల సర్వర్

ఒకప్పుడు వెబ్ సర్వర్ అంటే ముందు దాన్ని ఇన్‌స్టాల్ చేసి, తర్వాత అందులో మన అప్లికేషన్ పెట్టేవాళ్లు. ఎంబెడెడ్ సర్వర్ వచ్చాక అది తిరగబడింది. ఇప్పుడు అప్లికేషనే తన కడుపులో సర్వర్‌ని పెట్టుకుని తిరుగుతుంది. జావా ప్రపంచంలో జెట్టీ 1995 నుంచీ ఉంది, చిన్నగా తేలిగ్గా వేరే సాఫ్ట్‌వేర్ లోపల ఇమిడిపోవడమే దాని బలం. 2014లో స్ప్రింగ్ బూట్ మొదటి వెర్షన్ వచ్చాక టామ్‌క్యాట్‌ని కూడా ఇలా లోపల పెట్టుకోవడం అందరికీ మామూలైపోయింది.

గ్యాడ్జెట్‌ల సంగతీ అంతే. గుణదలలో నేను ఉండే ఇంట్లో ఒకసారి నెట్‌వర్క్ స్కాన్ చేసే యాప్ పెట్టి చూశా. కెమెరాల డీవీఆర్ 80లో సెట్టింగ్స్ పేజీ, 554లో వీడియో తెరిచి పెట్టింది. ప్రింటర్ 631లో ఒకటి, 9100లో ఇంకొకటి. కెమెరాగా మార్చిన పాత ఫోన్ 8080లో. లైట్లు, ఫ్యాన్లు చూసుకునే చిన్న బోర్డు 8123లో. సినిమాల కోసం పెట్టిన మీడియా సర్వర్ 8096లో. ఐదు డివైస్‌లు, ఏడు తలుపులు. ప్రతి తలుపుకీ ఒక బుల్లి సర్వర్, ఒక లాగిన్ పేజీ, ఒక పాస్‌వర్డ్, ఎప్పుడో రావాల్సిన ఒక అప్‌డేట్.

తలుపులు ఎక్కువైతే ఏమవుతుందో 2016లో ప్రపంచం మొత్తం చూసింది. మిరాయి అనే మాల్వేర్ ఇంటర్నెట్‌లో 23, 2323 పోర్టులు తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను వెతికి, కంపెనీ పెట్టిన పాత పాస్‌వర్డ్‌లతోనే లోపలికి వెళ్లింది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ డివైస్‌ల దండుతో డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు కూడా చాలామందికి తెరుచుకోలేదు. ఎవరో కొనుక్కున్న వైఫై కెమెరా ఇంకెవరి మీదో ఆయుధం అయింది.

ఫోన్‌లో కూడా తలుపులుంటాయి

"నా దగ్గర డీవీఆర్ లేదు, నాకేం" అనుకుంటున్నారా? ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ పోర్టు తెరిచి కూర్చోవాలంటే ఇంటర్నెట్ పర్మిషన్ ఉంటే చాలు. ఆ పర్మిషన్ మిమ్మల్ని అడగరు, ఇన్‌స్టాల్ చేసినప్పుడే వచ్చేస్తుంది.

2019 జనవరిలో ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యవహారం బయటపడింది. పది కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్న యాప్ అది. ఒకసారి తెరిస్తే చాలు, లోపల ఒక వెబ్ సర్వర్ స్టార్ట్ అయి 59777 పోర్టు తెరిచి ఉంచేది. అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఆ పోర్టుకి రిక్వెస్ట్ పంపితే మీ ఫోన్‌లో ఉన్న ఫైళ్ల జాబితా, ఫైళ్లు కూడా వెళ్లిపోయేవి. పాస్‌వర్డ్ లేదు, నోటిఫికేషన్ లేదు. తర్వాత అప్‌డేట్‌లో సరిచేశారు.

రెండోది ఇంకా దగ్గరిది. 2025 జూన్‌లో ఐఎండీఈఏ నెట్‌వర్క్స్, రాడ్‌బౌడ్ యూనివర్సిటీ, కేయూ లూవెన్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు, యాండెక్స్ యాప్‌లు ఫోన్ లోపలే 127.0.0.1 చిరునామా మీద కొన్ని ఫిక్స్‌డ్ పోర్టులు తెరిచి వింటున్నాయి. మీరు బ్రౌజర్‌లో వేరే సైట్ చూస్తుంటే, ఆ సైట్‌లో ఉన్న ట్రాకింగ్ కోడ్ ఆ పోర్టుల ద్వారా యాప్‌కి సమాచారం అందించేది. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టినా లాభం లేదు. విషయం బయటకి వచ్చాక మెటా ఆ పద్ధతి ఆపేసింది.

ఈ రెండిట్లోనూ వాడేవాడికి తలుపు ఉందనే తెలీదు. నా వాదనకి మొదటి మెట్టు ఇదే: తలుపుని ముందు చెప్పాలి. ఎన్ని ఉన్నాయో చెప్పకుండా "పంచుకుంటున్నాం, తగ్గిస్తున్నాం" అంటే అర్థం లేదు.

ఒక గేటు, చాలా ఫ్లాట్లు: ఎలా?

సరే, ఇప్పుడు అసలు పంచుకోవడం. మూడు దారులున్నాయి.

మొదటిది, పాత్. గేటు ఒకటే, ఫ్లాట్ నంబర్లు వేరు. చిరునామా చివర స్లాష్ కెమెరా అని ఉంటే ఒక సర్వీసుకి, స్లాష్ లైట్లు అని ఉంటే ఇంకో సర్వీసుకి పంపడం. ఒకే ప్రోగ్రామ్‌లో ఉన్న ఎండ్‌పాయింట్లకి ఇది చాలా తేలిక. సర్వర్ ఒక్కటే లేస్తుంది, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌లో పాత్ చూసి సరైన ఎండ్‌పాయింట్‌కి అందిస్తుంది.

రెండోది, పేరు. 1990లలో ఒక్కో వెబ్‌సైట్‌కి ఒక్కో ఐపీ కావాల్సి వచ్చేది. హెచ్‌టీటీపీ 1.1 వచ్చి ప్రతి రిక్వెస్ట్‌లో హోస్ట్ పేరు తప్పనిసరిగా చెప్పాలని రూల్ పెట్టాక ఒకే ఐపీ, ఒకే పోర్టు మీద వందల సైట్లు పెట్టడం కుదిరింది. తాళం వేసిన ట్రాఫిక్‌లో ఇదే పని చేయడానికి 2003లో ఎస్‌ఎన్‌ఐ అనే పద్ధతి వచ్చింది. తాళం తీయకముందే "నేను ఫలానావారి కోసం వచ్చా" అని చెప్పడం అన్నమాట.

మూడోది, రివర్స్ ప్రాక్సీ. సర్వీసులు వేరువేరు ప్రోగ్రామ్‌లు అయితే ఒకళ్ల కడుపులో ఇంకొకళ్లు కూర్చోలేరు కదా. అప్పుడు ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వాచ్‌మన్‌ని పెడతాం. బయటికి 443 ఒక్కటే కనిపిస్తుంది. లోపల ఎవరి పోర్టు వాళ్లకి ఉంటుంది కానీ అవి బయటివాళ్లకి కనిపించవు.

లైనక్స్‌లో 3.9 కెర్నల్ నుంచి ఇంకో వెసులుబాటు ఉంది. రెండు సాకెట్లు ముందుగా ఒప్పుకుంటే ఒకే పోర్టు మీద కూర్చోవచ్చు. దాన్ని చూసి "ఇదిగో, పంచుకోవచ్చు" అంటారు కొందరు. కానీ అక్కడ వచ్చిన కనెక్షన్‌ని కెర్నల్ ఇద్దరిలో ఎవరో ఒకరికి పంచేస్తుంది, పాత్ చూడదు. ఒకే పని చేసే నలుగురు గుమాస్తాలకైతే బాగుంటుంది. కెమెరా సర్వీసుని, లైట్ల సర్వీసుని అలా కూర్చోబెడితే లైట్ వేయమన్న రిక్వెస్ట్ కెమెరా దగ్గరికి పోతుంది.

మొదట వచ్చినోడిదే రాజ్యం

ఇప్పుడు అసలు చిక్కు. ఒక గేటు పంచుకుంటే ఆ గేటు ఎన్నింటికి మూస్తారు, తాళం ఏ కంపెనీది, ఎంత పెద్ద బండి లోపలికి రావచ్చు అన్నవి అందరికీ ఒకటే అవుతాయి. ఎవరు నిర్ణయిస్తారు?

సర్వీసుల్ని ఒకదానితో ఒకటి కలపడానికి వాడే అపాచీ క్యామెల్‌లో దీనికి సూటి జవాబు ఉంది. నెట్టీ సర్వర్ వాడి రెండు మూడు రూట్లని ఒకే పోర్టు మీద పెట్టొచ్చు. కానీ మొదట లేచిన రూట్ సెట్టింగ్స్‌తోనే సర్వర్ తయారవుతుంది. తర్వాత వచ్చిన రూట్ సర్వర్ సెట్టింగ్స్ వేరుగా అడిగితే స్టార్ట్ అవ్వకుండా ఎర్రర్ ఇచ్చేస్తుంది. అదే క్యామెల్‌లో జెట్టీ వాడితే ఒక్కో పోర్టుకి ఎంతమంది వాడుకుంటున్నారో లెక్క పెట్టుకుంటుంది. కొత్త ఎండ్‌పాయింట్ వస్తే లెక్క ఒకటి పెరుగుతుంది, ఆగితే తగ్గుతుంది. లెక్క సున్నా అయినప్పుడే గేటు మూస్తుంది. లేకపోతే ఒక ఎండ్‌పాయింట్ ఆపగానే మిగతావన్నీ వీధిన పడతాయి. అపాచీ సీఎక్స్‌ఎఫ్‌లో కూడా ఒక పోర్టుని ఒకరు మామూలు హెచ్‌టీటీపీగా తెరిచాక, ఇంకొకరు అదే పోర్టుని హెచ్‌టీటీపీఎస్‌గా అడిగితే కుదరదని ఎర్రర్ వస్తుంది.

ఇలా గోల చేసి ఆగిపోవడం నాకు నచ్చుతుంది. ఎవరి మాట చెల్లుతుందో స్టార్టింగ్‌లోనే తేలిపోతుంది.

గోల చేయకుండా పంచేవి ఉంటాయి చూడండి, వాటితోనే తంటా. మన ఎన్‌జిన్‌ఎక్స్ వాచ్‌మన్‌నే తీసుకోండి. ఏమీ మార్చకపోతే లోపలికి వచ్చే రిక్వెస్ట్ సైజు 1 ఎంబీ దాటకూడదు. వెనకున్న సర్వీసు 60 సెకన్లు ఏమీ పలకకపోతే కనెక్షన్ కట్ చేస్తుంది. లైట్ల సర్వీసుకి ఇవి బ్రహ్మాండంగా సరిపోతాయి. అదే గేటులోంచి ఫోటో బ్యాకప్ సర్వీసు పెట్టారనుకోండి. ఇప్పటి ఫోన్ కెమెరాతో తీసిన ఫోటోలు చాలావరకు 1 ఎంబీ దాటేస్తాయి. యాప్‌లో "అప్‌లోడ్ ఫెయిల్డ్" అని మాత్రం వస్తుంది. మీరు యాప్‌ని తిడతారు, యాప్ రాసినవాడు నెట్‌ని తిడతాడు, అసలు రూల్ పెట్టిన గేటు మాత్రం హాయిగా ఉంటుంది.

ఏలూరు రోడ్డు లెక్క

పంచుకునేది రూల్స్ మాత్రమే కాదు, ఓపిక కూడా. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత ఉత్సవాలు జరిగేటప్పుడు ఏలూరు రోడ్డు ఎలా ఉంటుందో విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. కొండకి వెళ్లేవాళ్లు, ఆఫీసుకి వెళ్లేవాళ్లు, అంబులెన్స్ అందరిదీ ఒకటే రోడ్డు. కొండకి వెళ్లని వాడికి కూడా లేటు తప్పదు.

సర్వర్‌లో ఆ రోడ్డు పేరు థ్రెడ్ పూల్. స్ప్రింగ్ బూట్‌లోని టామ్‌క్యాట్‌కి మీరు మార్చకపోతే గరిష్ఠంగా 200 థ్రెడ్లు ఉంటాయి. ఒక్కో రిక్వెస్ట్ ఒక్కో థ్రెడ్‌ని పట్టుకుంటుంది. ఇప్పుడు ఒక ఎండ్‌పాయింట్ నెమ్మదిది అనుకుందాం, వీడియో ప్రాసెస్ చేసి జవాబివ్వడానికి 30 సెకన్లు పడుతుంది. దానికి సెకనుకి కేవలం 7 రిక్వెస్టులు వచ్చినా అరనిమిషం లోపే 200 థ్రెడ్లూ నిండిపోతాయి. ఆ తర్వాత 5 మిల్లీసెకన్లలో జవాబివ్వగలిగే లైట్ల ఎండ్‌పాయింట్ కూడా క్యూలో నిలబడుతుంది. లైట్ల కోడ్‌లో ఒక్క తప్పు లేదు. రోడ్డు నిండిపోయింది, అంతే.

దీనికి మందు? విద్యుత్ సౌధ ఉన్న ఏరియా వాళ్లం కాబట్టి కరెంటు భాషలోనే చెప్తా. అపార్ట్‌మెంట్‌కి వచ్చే లైన్ ఒకటే, కానీ ప్రతి ఫ్లాట్‌కీ వేరే ఎంసీబీ ఉంటుంది. మూడో అంతస్తులో షార్ట్ అయితే వాళ్ల ఎంసీబీ పడిపోతుంది, మీ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. పోర్టు కూడా అంతే. గేటు ఒకటి పెట్టండి, కానీ నెమ్మది ఎండ్‌పాయింట్‌కి "నువ్వు 20 థ్రెడ్లకి మించి వాడకూడదు" అని హద్దు పెట్టండి. ఇది నాలుగు లైన్ల పని. చాలామంది చేయరు, ఎందుకంటే డెమోలో ఒక్కరే నొక్కుతారు కాబట్టి అంతా బానే నడుస్తుంది.

పంచుకోవడం ఎలా ఉండాలి? రెండు మంచి ఉదాహరణలు

మొదటిది మీ చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాభై యాప్‌లు ఉంటే, నోటిఫికేషన్ కోసం యాభై కనెక్షన్లు తెరిచి పెడితే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకే గూగుల్ ప్లే సర్వీసెస్ ఒక్క కనెక్షన్ తెరిచి ఉంచుతుంది. మామూలుగా అది 5228 పోర్టు మీద నడుస్తుంది, 5229, 5230, 443 కూడా వాడుకోవచ్చు. ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ వాడే యాప్‌లన్నిటి పుష్ మెసేజ్‌లూ ఆ ఒక్క గొట్టంలోంచే వస్తాయి. కాలేజీ వైఫైలో బ్రౌజింగ్ బాగానే ఉన్నా నోటిఫికేషన్లు మాత్రం ఆగిపోతే, అక్కడి ఫైర్‌వాల్ ఈ పోర్టుల్ని ఆపేసిందేమో చూడాలి.

దీంట్లో నాకు నచ్చేది, రూల్స్ రాసిపెట్టారు. ఒక మెసేజ్ 4,096 బైట్లు దాటకూడదు. ఫోన్ నిద్రలో ఉంటే మామూలు ప్రయారిటీ మెసేజ్ ఆగుతుంది, హై ప్రయారిటీ మెసేజ్ ఫోన్‌ని లేపుతుంది. ఏ యాప్ రాసేవాడైనా గొట్టంలోకి దిగకముందే ఇవి చదువుకోవచ్చు.

రెండోది మన రాష్ట్రానిదే. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టింది. మొదటి విడతలోనే 161 సేవలు. దేవాదాయం, రెవెన్యూ, విద్యుత్, ఆర్టీసీ, మున్సిపాలిటీ... శాఖలు వేరు, సేవలు వేరు, కానీ జనానికి కనిపించేది ఒక్క వాట్సాప్ నంబరు. ఇంతకుముందు ఒక్కో శాఖకి ఒక్కో సైటు, ఒక్కో యాప్, ఒక్కో లాగిన్. ఇది సాంకేతికంగా పోర్టు కాకపోయినా ఆలోచన అదే: తలుపు ఒకటి, వెనక ఎండ్‌పాయింట్లు చాలా. మా పక్కింటి పిన్నిగారికి పది యాప్‌లు నేర్పడం నావల్ల కాదు, ఒక నంబరుకి "హాయ్" అని పెట్టడం మాత్రం ఆమే చేసుకుంటారు. పంచుకున్న తలుపు గొప్పతనం అది.

అలాగే తలుపు రూల్స్ కూడా అందరికీ వర్తిస్తాయి. వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్‌లో మీరు చివరగా మెసేజ్ పెట్టిన 24 గంటల్లోపే అవతలివాళ్లు స్వేచ్ఛగా జవాబివ్వగలరు. ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజ్ మాత్రమే పంపాలి. ఒక్కో నంబరు నుంచి సెకనుకి ఎన్ని మెసేజ్‌లు వెళ్లొచ్చో కూడా హద్దు ఉంది: మామూలుగా 80, అర్హత ఉన్న నంబర్లకి 1,000 దాకా. కరెంటు బిల్లు సర్వీసు అయినా, సర్టిఫికెట్ సర్వీసు అయినా ఈ హద్దుల్లోనే ఉండాలి. 2025లో ఇంటర్ హాల్ టికెట్లు, టెన్త్ ఫలితాలు కూడా ఇదే నంబరులో ఇచ్చారు. అలాంటి రోజున పరీక్షతో సంబంధం లేని మనిషి కూడా అదే తలుపు దగ్గర ఉంటాడు. అందుకే ఇలాంటి వ్యవస్థల్లో ఎంసీబీలు ఉండాల్సిందే, రెండో దారి కూడా తెరిచి ఉండాలి. వాట్సాప్ వచ్చింది కదా అని మీసేవ కౌంటర్, సచివాలయం మూసేస్తే ఒక్క తలుపు మీద ఊరంతా ఆధారపడినట్టు అవుతుంది.

అయితే అన్నీ కలిపేయాలా?

వద్దు. రెండు చోట్ల విడిగా ఉంచడమే తెలివైన పని అంటాను.

ఒకటి, నమ్మకం వేరైన చోట. బ్రౌజర్ దృష్టిలో ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్టు ఈ మూడూ ఒకటే అయితే అది ఒకే ఇల్లు. పాత్ వేరైనా లెక్క చేయదు. అంటే స్లాష్ కెమెరాలో ఉన్న స్క్రిప్ట్, స్లాష్ బ్యాంక్ దాచుకున్న లోకల్ స్టోరేజ్‌ని చదవగలదు. పోనీ పోర్టులు వేరు చేస్తే సరిపోతుందా? పూర్తిగా కాదు, కుకీలు పోర్టుని పట్టించుకోవు. కాబట్టి మీరు రాసిన సర్వీసు, ఎవరో రాసిన ప్లగిన్ ఒకే గేటు వెనక పెట్టాలంటే పాత్‌తో కాకుండా వేరే హోస్ట్ పేర్లతో విడదీయండి. గేటు ఒకటే ఉంటుంది, గోడలు కూడా ఉంటాయి.

రెండు, మానిటరింగ్. "సర్వర్ బతికుందా" అని అడిగే హెల్త్ చెక్‌ని కొందరు వేరే పోర్టులో పెడతారు, స్ప్రింగ్ బూట్‌లో ఆ సౌకర్యం ఉంది. బయటివాళ్లకి లోపలి వివరాలు కనిపించకూడదంటే అది మంచిదే. కానీ ఒక మెలిక ఉంది. మెయిన్ గేటు దగ్గర 200 థ్రెడ్లు నిండిపోయి ఎవరూ కదలకపోయినా, వెనక గేటు వాచ్‌మన్ మాత్రం "అంతా బాగుంది సార్" అంటూనే ఉంటాడు. కాబట్టి ప్రాణం ఉందా లేదా అనే ప్రశ్న మెయిన్ గేటులోంచే అడగాలి. లోపలి లెక్కలు మాత్రం వెనక గేటులో.

"ఇంత గోల ఎందుకు, ఒక్కో సర్వీసుకి ఒక్కో పోర్టు ఇచ్చేస్తే ఎవరి రూల్స్ వాళ్లవి కదా" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక్క ల్యాప్‌టాప్‌లో, మీరొక్కరే వాడే ప్రాజెక్టుకి అలాగే చేయండి. కానీ అది ఇంకొకరి ఇంటికి వెళ్లిన రోజు, ఆ ఏడు తలుపులకీ తాళాలు వేసే బాధ్యత నెట్‌వర్కింగ్ రానివాళ్ల మీద పడుతుంది. పైగా ఇప్పుడు చాలా ఇంటి కనెక్షన్లలో మీకంటూ పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటాయి. బయట నుంచి ఇంటి కెమెరా చూడాలంటే ఏదో ఒక టన్నెల్ పెట్టుకోవాలి. ఏడు టన్నెల్స్ పెట్టి కాపాడుకోవడం కంటే ఒకటి పెట్టి గట్టిగా తాళం వేయడం తేలిక.

మనం అడగాల్సినవి

కాబట్టి ఇకమీద స్మార్ట్ కెమెరా, స్మార్ట్ హబ్, ఫైల్ షేరింగ్ యాప్ ఏది రివ్యూ చేసినా నేను మూడు ప్రశ్నలు వేస్తా. మీరు కూడా వేయండి.

ఇది ఎన్ని పోర్టులు తెరుస్తుంది, ఆ సంగతి సెట్టింగ్స్‌లో కనిపిస్తుందా, అవసరం లేనప్పుడు మూయొచ్చా?

ఒకే పోర్టు మీద ఎన్ని సర్వీసులున్నాయి, సైజు, టైమ్‌అవుట్, సర్టిఫికెట్ లాంటి ఉమ్మడి రూల్స్ ఎక్కడైనా రాసి ఉన్నాయా?

ఒక సర్వీసు మొరాయిస్తే మిగతావి నడుస్తాయా? ఇది కనిపెట్టడం తేలికే. కెమెరా వీడియో నాలుగు స్క్రీన్ల మీద ఒకేసారి పెట్టి, అదే డబ్బా యాప్‌లో లైట్ ఆన్ చేసి చూడండి. లైట్ వెలగడానికి పది సెకన్లు పట్టిందంటే అందులో ఎంసీబీ లేదని గట్టిగా అనుమానించొచ్చు.

ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లకి ఇంకో మాట. ఈసారి 8080 బిజీగా ఉందని మెసేజ్ వస్తే వెంటనే 8081 కొట్టేయకండి. ఆ పోర్టు మీద ఇప్పటికే ఎవరున్నారో చూడండి. వాళ్లతో కలిసి ఉండొచ్చా, ఉంటే ఎవరి సెట్టింగ్స్ చెల్లుతాయి, మీ నెమ్మది ఎండ్‌పాయింట్ వల్ల వాళ్లకి ఇబ్బందా అని ఒక్క పది నిమిషాలు ఆలోచించండి. ఆ జవాబులు ప్రాజెక్టు రీడ్‌మీలో మూడు లైన్లు రాసి పెట్టండి. రేపు ఆ కోడ్ ఎవరి ఇంట్లో డబ్బాలోకి వెళ్తుందో మీకు తెలీదు. వాళ్లకి ఆ మూడు లైన్లే ఆధారం.

మీ ఇంట్లో స్కాన్ చేస్తే ఎన్ని తలుపులు కనిపించాయి? లెక్క చూసుకోండి. నాలుగు దాటితే, ఈ ఆదివారం మూయడానికి ఒకటైనా దొరుకుతుంది.